యెరవాన్ నుంచి డే టూర్: గార్ని, నోరవాంక్, సెవాన్, తతేవ్... ఏది మేలు?

ఆర్మేనియా వెళ్లేవాళ్లు దాదాపు అందరూ రాజధాని యెరవాన్‌లోనే మకాం పెడతారు. దేశం మొత్తం కలిపినా 30 వేల చదరపు కిలోమీటర్ల లోపే. పొద్దున్నే బస్సెక్కితే ఏదో ఒక మూల చూసుకుని రాత్రికి గదికి చేరుకోవచ్చు. చిక్కల్లా ఎంపిక దగ్గరే. టూర్ ఆఫీసు బోర్డు మీద ఐదారు డే టూర్‌లుంటాయి, ఒక్కోదాంట్లో రెండు మూడు మఠాలుంటాయి, ఫొటోలన్నీ ఒకేలా ఉంటాయి: కొండ అంచు, రాతి గోడ, పైన మొనదేలిన గోపురం. మనవాళ్ల చేతిలో మామూలుగా ఉండేది మూడు నాలుగు రోజులు. మరి ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి?

నేను చూసే లెక్క ఒక్కటే. కరపత్రంలో ఎన్ని పేర్లున్నాయన్నది పక్కన పెట్టి, ఆ రోజు బస్సు సీట్లో ఎన్ని గంటలు, కాళ్ల మీద ఎన్ని గంటలు అని అడుగుతాను. "ఒకే రోజులో ఏడు ప్రదేశాలు" అని ఊరించే టూర్‌లో ఒక్కో చోట అరగంట దొరికితే గొప్ప. అందులోనూ కొంత టాయిలెట్ క్యూలో పోతుంది. పైగా చాలా గ్రూప్ బస్సుల్లో గైడ్ ప్రతి సంగతీ రష్యన్‌లో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి చెబుతారు. ఇంగ్లిష్ వంతు వచ్చేసరికి బస్సు ఆ మలుపు దాటిపోయి ఉంటుంది.

గార్ని–గెఘార్డ్: ముందు ఇది

దీని గురించి వాదనే లేదు. గార్ని యెరవాన్‌కు 30 కిలోమీటర్ల లోపే, గెఘార్డ్ మఠం అక్కడి నుంచి ఇంకో పది. సగం రోజులో అయిపోతుంది, టికెట్ ధరా తక్కువే. దారిలో 1957లో కట్టిన చారెంత్స్ తోరణం దగ్గర ఆపితే, ఆకాశం తేటగా ఉన్న రోజు కమాను మధ్యలోంచి అరరాత్ పర్వతం కనిపిస్తుంది.

గార్నిలో ఉన్నది చర్చి కాదు. 24 స్తంభాలతో గ్రీకు, రోమన్ పద్ధతిలో నల్లరాతితో కట్టిన ఆలయం. క్రైస్తవానికి ముందటిది, ఒకటో శతాబ్దానిదని ఎక్కువమంది చెబుతారు. 1679 భూకంపంలో కూలిపోతే, పడిన రాళ్లనే వెతికి పేర్చి 1969–75 మధ్య మళ్లీ నిలబెట్టారు. కొత్తగా చెక్కి అతికించిన రాళ్లు వెలిసిన రంగుతో ఇట్టే తెలిసిపోతాయి. ఏది పాతది, ఏది కొత్తది అని దాచకుండా వదిలేశారు, అది నాకు నచ్చింది. ఆలయం పక్క నుంచి చూస్తే కింద అజాత్ నది లోయ. లోయలోకి దిగితే తేనెపట్టు గదుల్లా ఆరు పలకలుగా చీలి వేలాడే బసాల్ట్ స్తంభాల గోడ. దాన్ని 'రాళ్ల సింఫనీ' అంటారు. గ్రూప్ టూర్‌లు కొన్ని దీన్ని ఎగ్గొడతాయి, డబ్బు కట్టే ముందే అడగాలి.

గెఘార్డ్‌కు వచ్చేసరికి వేరే లోకం. ఇక్కడ సగం కట్టడం, సగం కొండ. 1215లో కట్టిన ప్రధాన చర్చి, దాని ముఖమండపం, దాన్ని ఆనుకుని కొండలోకి తొలిచిన గదులు. ఒక గదిలో రాతి సందు నుంచి ఊట నీరు పారుతూ ఉంటుంది, వచ్చినవాళ్లు దోసిలి పట్టి తాగుతారు. గోడ మీద రెండు సింహాలు, వాటి మెడలకు గొలుసు, కింద గొర్రెపిల్లను పట్టిన గద్ద: ఆ మఠాన్ని పోషించిన ప్రోషియాన్ వంశం గుర్తు అది. వెలుతురు పైనున్న ఒక్క గుండ్రటి కంత నుంచే వస్తుంది. బయటి మెట్ల మీదుగా పై గదికి ఎక్కితే, అక్కడ ఎవరైనా ఒక స్వరం ఎత్తితే చాలు, ఆ గది దాన్ని చాలాసేపు వదిలిపెట్టదు. కొన్ని టూర్‌లలో నలుగురైదుగురు గాయకుల చేత చర్చి పాటలు పాడిస్తారు. అలాంటి టూర్ దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోండి. గెఘార్డ్ 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, అయినా లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. గార్నికి మాత్రం ఉంది.

పెద్దవాళ్లకు కూడా ఇదే సుఖం. గార్నిలో నేల చదును, ఆలయం ముందు మెట్లు మాత్రం ఎత్తు. గెఘార్డ్‌లో చిన్న ఎక్కుడు, అంతే.

ఖోర్ విరాప్–నోరవాంక్, సెవాన్–దిలిజాన్: అసలు పోటీ

రెండో రోజుకు ఈ రెండింట్లో ఏది అన్నదే అందరి సందేహం. రెండూ పూర్తి రోజు టూర్‌లే, ధరలోనూ పెద్ద తేడా ఉండదు. ఒకటి దక్షిణానికి, ఎండిన ఎర్ర కొండల వైపు. ఇంకోటి ఉత్తరానికి, సరస్సు, అడవి వైపు. మనవాళ్లలో ఎక్కువమంది సరస్సు పేరు చూసి సెవాన్ వైపు మొగ్గుతారు. నేను నోరవాంక్ అంటాను. కారణం చెబుతాను.

సెవాన్ పెద్ద సరస్సే. సముద్ర మట్టానికి 1,900 మీటర్ల ఎత్తున, పన్నెండు వందల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మంచినీళ్లు. ఒడ్డున రాతి గుట్ట మీద సెవానవాంక్ మఠం. 874లో రాజకుమారి మరియం దాన్ని స్థాపించినప్పుడు అది దీవి. స్టాలిన్ కాలంలో కరెంటుకూ సాగుకూ సరస్సు నీటిని తోడేయడంతో మట్టం 20 మీటర్ల దాకా పడిపోయి, దీవి కాస్తా గట్టుకు అతుక్కుపోయింది. తప్పు తెలిసొచ్చాక అర్పా నది నీటిని కొండల కింద నుంచి దాదాపు 49 కిలోమీటర్ల సొరంగం తవ్వి తెచ్చి కలిపారు. 1981 నుంచి అది పనిచేస్తోంది. ఈ కథ తెలిసి చూస్తే సెవాన్ బాగుంటుంది. తెలియకపోతే నీలం నీళ్లు, రెండు చిన్న నల్లటి చర్చిలు, రెండు వందలకు పైగా మెట్లు, పైన ఈడ్చికొట్టే గాలి. వేసవిలో కింద మ్యూజిక్ మోత, ఈత కొట్టే జనం, మెట్ల పొడవునా అంగళ్లు. గ్రూప్ టూర్‌లో గంట ఇస్తే మెట్లు ఎక్కి దిగడానికే సరిపోతుంది, సరస్సు దగ్గర కూర్చోవడానికి మిగలదు. సరస్సు చూడటమంటే దాని పక్కన ఊరికే కూర్చోవడమే కదా. టూర్ బస్సుకు ఆ ఓపిక ఉండదు.

ఈ దారికి అసలు బలం సరస్సు దాటాక ఉంది. బోడి గుట్టల మధ్య నుంచి రెండు కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలో దూరి బయటికి వస్తే ఒక్కసారిగా అడవి, మబ్బు, చల్లదనం. అదే దిలిజాన్ ప్రాంతం. సొరంగానికి ఇవతల ఎండ, అవతల వాన ఉండటం అక్కడ మామూలే. అడవి మధ్యలో హగర్త్‌సిన్ మఠం. షార్జా పాలకుడు ఇచ్చిన విరాళంతో దాన్ని బాగు చేయించారు. ముస్లిం పాలకుడు క్రైస్తవ మఠానికి ఖర్చు పెట్టాడని గైడ్‌లు ముచ్చటగా చెబుతారు. బాగుచేయడం మరీ ఎక్కువైందేమో, కొన్ని గోడలు నిన్న కట్టినట్టున్నాయి. నాకు దానికంటే గోషవాంక్ ఇష్టం. ఊరి మధ్యలో, ఇళ్ల పక్కనే, పిల్లలు ఆడుకునే వీధిని ఆనుకుని ఉంటుంది. ఆర్మేనియా న్యాయ స్మృతిని రాసిన మ్ఖితార్ గోష్ పేరు మీద వెలసిన మఠం అది. అక్కడ 1291లో పావ్‌గోస్ అనే శిల్పి చెక్కిన ఖచ్‌కార్ ఒకటుంది. ఖచ్‌కార్ అంటే శిలువ చెక్కిన నిలువురాయి, దేశం నిండా వేల సంఖ్యలో కనిపిస్తాయి. ఇది మాత్రం రాయా, లేసు గుడ్డా అని దగ్గరికి వెళ్లి తాకి చూడాలనిపించేంత సన్నటి పని. గోషవాంక్ లేని సెవాన్ టూర్ అయితే నేను డబ్బు పెట్టను. చాలా టూర్‌లు ఒక్క హగర్త్‌సిన్‌తో సరిపెట్టి దిలిజాన్ ఊళ్లో షాపింగ్‌కు దింపుతాయి, కాబట్టి ముందే చూసుకోవాలి.

ఇక దక్షిణం దారి. మొదట ఖోర్ విరాప్ మఠం, నగరానికి 40 కిలోమీటర్లు. టర్కీ సరిహద్దు కంచె పొలాల అవతలే కనిపిస్తుంది. దాని వెనక 5,137 మీటర్ల అరరాత్, నేల మీద నుంచి నేరుగా లేచినట్టు నిలబడి ఉంటుంది. ఆర్మేనియన్లు తమ రాజముద్ర మీద పెట్టుకున్న పర్వతం ఇప్పుడు టర్కీలో ఉంది. సరిహద్దు 1993 నుంచి మూసి ఉంది. ఆ పర్వతానికి అంత దగ్గరగా నిలబడి దాని మీదికి వెళ్లే దారి లేదని గైడ్ చెబుతున్నప్పుడు, బస్సులో అప్పటిదాకా సాగిన కబుర్లు ఆగిపోతాయి. ఈ దృశ్యం పొద్దున పూటే. ఎండ ముదిరేకొద్దీ మైదానం మీద పొగలాంటి మసక కమ్మి పర్వతం సగం మాయమవుతుంది. అందుకే ఖోర్ విరాప్‌ను సాయంత్రానికి పెట్టే టూర్‌ను వద్దనండి.

మఠంలో చూడాల్సింది పైన లేదు, కింద ఉంది. గ్రెగరీ అనే సాధువును తిరిదాతెస్ రాజు 13 ఏళ్లు బంధించాడని చెప్పే గొయ్యి అది. తర్వాత ఆ రాజే మతం మార్చుకున్నాడని, సంప్రదాయం ప్రకారం 301లో క్రైస్తవం రాజ్య మతమైందని కథ. ఇరుకు కంతలోంచి దాదాపు నిలువుగా ఉన్న ఇనుప నిచ్చెన మీద ఆరు మీటర్లు దిగాలి. కింద గాలి ఆడదు, వేసవిలో ఉక్కపోత. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే టెన్షన్ పడేవాళ్లు దిగకపోతేనే మంచిది. పైన ఉండి అరరాత్‌ను చూస్తే వాళ్లకేమీ నష్టం లేదు.

అక్కడి నుంచి అరేని ఊరు. పక్కనున్న గుహలో ఆరు వేల ఏళ్ల కిందటి ద్రాక్షసారా తయారీ తొట్లు దొరికాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా తెలిసినవాటిలో అదే పాతది. అదే గుహలో 2008లో అయిదున్నర వేల ఏళ్ల నాటి తోలు చెప్పు కూడా బయటపడింది, లేసులతో సహా. టూర్ బస్సు మాత్రం గుహ దగ్గర ఆగకుండా వైన్ రుచి చూపించే చోట ఆగుతుంది. తాగనివాళ్లకు అది వృథా గంట. రోడ్డు పక్క అంగళ్లలో కోలా సీసాల్లో ఇంటి వైన్ పోసి అమ్ముతారు, ఇరాన్ లారీ డ్రైవర్ల కోసమే ఆ ఏర్పాటని గైడ్‌లు నవ్వుతూ చెబుతారు.

నోరవాంక్‌కు దారి ఇరుకు లోయలోంచి. రెండు వైపులా ఇటుక రంగు కొండలు మీదికి వాలినట్టుంటాయి. చివరి మలుపులో పైన మఠం, అదే రంగు రాతితో. అక్కడి రెండంతస్తుల చర్చి 1339 నాటిది, శిల్పి మోమిక్ చేతి పని అంటారు. కింద సమాధి గది, పైన చర్చి. పైకి వెళ్లే మెట్లు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి పలకలు, అడుగు వెడల్పు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కేటప్పుడు ధైర్యంగా ఎక్కేసి దిగేటప్పుడు కూర్చుని జారేవాళ్లే ఎక్కువ. పక్క చర్చి ముఖమండపం కిటికీ పైన తండ్రి దేవుడి రూపం చెక్కారు: బాదం కళ్లు, పొడుగాటి గడ్డం. క్రైస్తవ శిల్పంలో తండ్రి దేవుణ్ణి ఇలా చూపించడం అరుదు. గైడ్ వేలు పెట్టి చూపిస్తే గానీ మన కంటికి అదో మామూలు సాధువు బొమ్మే. నోరవాంక్ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, వాలు వెలుతురులో ఆ రాయి ఎర్రబడుతుంది. పొద్దున చూడాల్సింది పొద్దున, సాయంత్రం చూడాల్సింది సాయంత్రం దొరికే టూర్ ఇదొక్కటే.

అయితే జులై, ఆగస్టుల్లో నా తీర్పు మారుతుంది. ఆ నెలల్లో అరరాత్ మైదానం మండిపోతుంది, యెరవాన్‌లోనే 35 డిగ్రీలు దాటుతుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే అప్పుడు ఉత్తరానికే వెళ్లండి. మే, జూన్, సెప్టెంబర్, అక్టోబర్ అయితే నోరవాంకే.

తతేవ్: ఒక్క రోజులో వద్దు

తతేవ్ ఫొటో చూసి మనసు పారేసుకోని వాళ్లుండరు. వొరొతాన్ లోయ అంచున తొమ్మిదో శతాబ్దపు మఠం, దానికి చేర్చే 5.7 కిలోమీటర్ల రోప్‌వే. 2010లో మొదలైనప్పుడు, మధ్యలో ఆగకుండా సాగే ఆ తరహా రోప్‌వేల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా గిన్నిస్ రికార్డుకెక్కింది. మఠం ఆవరణలో ఎనిమిది మీటర్ల రాతి స్తంభం ఉంది, నేల కంపిస్తే అది ఊగి హెచ్చరించేదని చెబుతారు.

అన్నీ నిజమే. కానీ యెరవాన్ నుంచి 250 కిలోమీటర్లు, అదీ కొండ దారి. వెళ్లడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు. పన్నెండు గంటలు దాటే టూర్‌లో మఠం దగ్గర దొరికేది గంటో గంటన్నరో. దాంతోపాటు నోరవాంక్, ఖోర్ విరాప్ కూడా కలిపి అమ్మేవాళ్లున్నారు. అది టూర్ కాదు, డ్రైవర్‌కూ మనకూ శిక్ష. గాలి ఎక్కువుంటే రోప్‌వే ఆపేస్తారు, అప్పుడు మలుపుల దారిలో బస్సే గతి. తతేవ్ చూడాలంటే గోరిస్ ఊళ్లో ఒక రాత్రి ఉండండి, వెళ్లేటప్పుడే నోరవాంక్ కలుపుకోండి. అలా కుదిరితే పై పోటీయే అక్కర్లేదు. కుదరకపోతే తతేవ్‌ను మనస్ఫూర్తిగా వదిలేయండి.

ఉత్తరాన దెబెద్ లోయలోని హగ్‌పత్, సనాహిన్‌ది కూడా దూరం సంగతే, 170 కిలోమీటర్ల పైమాటే. రెండూ యునెస్కో మఠాలు, జనం తక్కువ, నాచు పట్టిన గోడలు. సనాహిన్‌లో మికొయాన్ సోదరుల మ్యూజియం, దాని ముందు మిగ్-21 యుద్ధ విమానం ఉన్నాయి. మిగ్ అనే పేరులో మొదటి సగం ఆ ఊరి బిడ్డ, విమానాల రూపకర్త అర్త్యోమ్ మికొయాన్‌దే. జార్జియాకు కూడా వెళ్లేవాళ్లు వీటికోసం విడిగా రోజు పెట్టుకోనక్కర్లేదు. యెరవాన్ నుంచి త్బిలిసీకి కారు మాట్లాడుకుంటే దారిలోనే తగులుతాయి.

నగరానికి గైడ్ కావాలా?

సిటీ టూర్ పేరుతో బస్సులో తిప్పేదానికి డబ్బు దండగ. రిపబ్లిక్ స్క్వేర్ నుంచి నార్తర్న్ అవెన్యూ మీదుగా ఆపెరా, అక్కడి నుంచి కాస్కేడ్ అనే పెద్ద మెట్ల వరుస: అన్నీ కలిపి రెండు కిలోమీటర్ల నడక. వాస్తుశిల్పి అలెగ్జాండర్ తమానియాన్ 1924లో గీసిన ప్లాన్ మీదే నగరం నడిబొడ్డు ఇప్పటికీ నిలబడి ఉంది, దారి తప్పడం కష్టం. గులాబి రంగు టఫ్ రాయి భవనాలు సాయంత్రమే బాగుంటాయి, వేసవి రాత్రుల్లో స్క్వేర్‌లో పాటలకు ఆడే ఫౌంటెన్లు ఉంటాయి. బస్సు టూర్ పట్టపగలు తిప్పుతుంది. కాస్కేడ్‌కు 572 మెట్లు. ఎక్కలేనివాళ్లకు లోపలే ఎస్కలేటర్లు, వాటి పక్కనే బొమ్మలు, శిల్పాలు. మెట్ల కింద తోటలో కొలంబియా శిల్పి బోటెరో చేసిన బొద్దు పిల్లి దగ్గర ఫొటో కోసం ఎప్పుడూ క్యూయే.

గైడ్‌కు డబ్బు పెట్టాల్సింది రెండు చోట్ల. ఒకటి మతేనదరాన్, దాదాపు 23 వేల చేతిరాత ప్రతుల భాండాగారం. అక్కడ 28 కిలోల బరువున్న ముష్ గ్రంథం ఉంది. ఒట్టోమన్ తుర్కుల పాలనలో ఆర్మేనియన్ల మీద 1915లో జరిగిన మారణకాండలో ఇద్దరు స్త్రీలు దాన్ని రెండు భాగాలుగా మోసుకుని కాపాడారు. ఈ కథ చెప్పేవాళ్లు పక్కన లేకపోతే అద్దాల పెట్టెలో లావుపాటి పుస్తకం, అంతే. ఆర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక 1794లో మన మద్రాసులో అచ్చయిందని అడిగితే చెబుతారు, అడగకపోతే దాటేస్తారు. రెండోది త్సిత్సెర్నకబెర్ద్ స్మారకం, మారణకాండ మృతుల కోసం 1967లో కట్టింది. 44 మీటర్ల స్తంభం, వలయంగా వంగిన 12 రాతి పలకలు, మధ్యలో ఆరని జ్వాల. పక్కన మ్యూజియంలో కనీసం గంటన్నర కావాలి. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి, చూసొచ్చాక షాపింగ్ మీద మనసు పోదు.

గ్రూప్ బస్సా, కారా?

ఒక్కరో ఇద్దరో అయితే గ్రూప్ బస్సు చవక. ముగ్గురు నలుగురైతే రోజుకు కారు మాట్లాడుకోవడమే మేలు, తలా కట్టేది బస్సు టికెట్‌కు దగ్గర్లోనే ఉంటుంది, గోషవాంక్ దగ్గర ఎంతసేపైనా ఉండొచ్చు. కాకపోతే డ్రైవర్ గైడ్ కాడు, చాలామందికి ఆర్మేనియన్, రష్యన్ తప్ప రాదు. గార్ని–గెఘార్డ్‌కు, నోరవాంక్‌కు మాటలు చెప్పేవాళ్లు కావాలి, అక్కడ బస్సు. సెవాన్–దిలిజాన్‌కు కావాల్సింది సమయం, అక్కడ కారు. గార్ని దాకా అయితే యాండెక్స్ గో, జీజీ యాప్‌లలో కూడా ట్యాక్సీ దొరుకుతుంది. తిరిగి రావడానికి అక్కడ కారు దొరకడం కష్టం కావొచ్చు, అదే కారును ఆపుకోండి.

శాకాహారులు టూర్ ఆఫీసులో భోజనం గురించి ముందే చెప్పాలి. ఊరికే 'వెజ్' అంటే చేపలు వడ్డించే ప్రమాదం ఉంది, సెవాన్ దగ్గర మరీను. ఉపవాస దినాల్లో ఆర్మేనియన్లు తినే మాంసం లేని వంటలు ప్రతి ఇంటికీ తెలుసు, 'పాస్' భోజనం అంటే అర్థమవుతుంది. లవాష్ రొట్టె, వేయించిన వంకాయ, ఆకుకూరలు కూరిన జింగ్యలోవ్ హాత్స్ ఉంటే రోజు గడిచిపోతుంది.

రోజులు సర్దుకునేటప్పుడు వారం కూడా చూసుకోండి. సోమవారం మ్యూజియంలు చాలావరకు మూతే, మతేనదరాన్ అయితే ఆదివారం కూడా. కాబట్టి ఆ రెండు రోజులూ ఊరి బయటి టూర్‌లకు, మంగళవారం నగరానికి. ఆదివారం పొద్దున గెఘార్డ్‌లో ప్రార్థన జరుగుతుంటే టూరిస్టులను ఒక పక్కన నిలబెడతారు, ఫొటోలకు అడ్డు. కానీ గాయకులకు విడిగా డబ్బు కట్టకుండానే ఆ గదుల్లో పాట వినొచ్చు.